చెడుగుడు బరిలో లెక్కకు రాని దెబ్బ

సత్యవేడు ఏ జిల్లాలోది అని ఎవరైనా అడిగితే, ఏ కాలం సంగతి అని ఎదురు అడగాలి. ఉమ్మడి మద్రాసు రోజుల్లో అది చెంగల్పట్టు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడూ, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడూ తమిళ పక్కనే ఉండిపోయింది. రెండు రాష్ట్రాల సరిహద్దు తగువులో పటాస్కర్ మధ్యవర్తిత్వం అయ్యాక, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. అప్పటినుంచి చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. దస్త్రాలు ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి మారాయి గానీ ఊరి చివర బీట్లో ఆడే ఆట మారలేదు. ఊత్తుకోట వైపు సడుగుడు, ఇటు చెడుగుడు. కూత పెట్టి గీత దాటడం, తాకి రావడం, పట్టుబడితే చావడం మాత్రం రెండు పక్కలా ఒకటే.

ఈ ఆటకు రాతపూర్వకమైన నియమాలు వచ్చి నూరేళ్ళు దాటింది. ఆ నూరేళ్ళలో ఊపిరిని లెక్కపెట్టారు, గీతలను కొలిచారు, ఆటగాళ్ళను తూకం వేశారు. తలకు తగిలే దెబ్బను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

బరి తయారీ దగ్గర మొదలుపెడితే సంగతి తెలుస్తుంది. సంక్రాంతికి పోటీ పెట్టాలనుకున్న ఊళ్ళో ముందు చేసే పని నేలను గుల్లచేయడం. గడ్డపారలతో తవ్వుతారు, లేదంటే ట్రాక్టరు తోలతారు. రాళ్ళూ పెంకులూ ఏరి, నీళ్ళు చల్లి, పైన మెత్తటి మట్టి పోసి చదును చేస్తారు. పాత అధికారిక నియమాల్లో దీనికి ఒక పాళ్ళ చీటీ కూడా ఉండేది: మన్ను, ఎరువు, రంపపు పొట్టు కలిపిన మెత్తటి నేల. చదువుతుంటే వంటల పుస్తకంలా ఉంటుంది గానీ, రాసినవాళ్ళకు పడటం గురించి బాగానే తెలుసు. చిక్కేమిటంటే, సాయంత్రం మెత్తగా ఉన్న నేల నాలుగు ఆటలయ్యేసరికి గట్టిపడుతుంది. రాత్రి పదకొండుకు జరిగే సెమీఫైనల్లో అదే నేల అరుగులా ఉంటుంది. గీతలకు వేసిన సున్నం చెరిగిపోతుందని కొన్నిచోట్ల తాడు పరిచి మేకులు కొడతారు. గీతకు బారెడు దూరంలో లైట్ల స్తంభం, దాన్ని ఆనుకుని జనం. కూతకు వచ్చినవాణ్ని డ్యాష్ కొట్టి బయటికి తోస్తే వాడు పడేది వీటి మీదే.

నియమాల కథ మహారాష్ట్రలో మొదలైంది. 1921లో సతారాలో ఒక చట్రం తయారైంది, 1923లో బరోడాలో హింద్ విజయ్ జింఖానా పోటీలు జరిగాయి. అప్పటికి ఆటలో మూడు పద్ధతులు. అమర్ పద్ధతిలో ఔటైనవాడు బయటికి పోడు, పాయింటు మాత్రం లెక్కకు వస్తుంది. గామినిలో ఔటైనవాడు జట్టంతా ఔటయ్యేదాకా బయటే. సంజీవనిలో అవతలివాడొకడు చస్తే ఇవతల చచ్చినవాడొకడు బతికి లోపలికి వస్తాడు. చివరికి నెగ్గింది సంజీవనే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి, అంటే విదర్భ అమరావతి, హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండలి వాళ్ళు ఈ ఆటను ప్రదర్శించి వచ్చారు. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య పుట్టింది, 1990లో బీజింగ్ ఏషియాడ్‌లో పతకాల ఆట అయింది.

మద్రాసు వైపు బళ్ళలోకి ఈ ఆట క్రమశిక్షణతో వచ్చిందంటే అందులో డ్రిల్లు మాస్టర్ల చేయి పెద్దది. అమెరికా నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టు వెంట ఉన్నదీ ఆయనే. అక్కడ తర్ఫీదు పొందినవాళ్ళు ప్రెసిడెన్సీ అంతటా హైస్కూళ్ళలో చేరారు. ఈల, గీత, పాయింట్ల పట్టీ వాళ్ళతోపాటే ఊళ్ళలోకి దిగాయి. జిల్లా జట్టుకు ఆడాలంటే సత్యవేడు కుర్రాడు 1960కి ముందు చెంగల్పట్టు వైపు చూడాలి, తర్వాత చిత్తూరు వైపు. అటైనా ఇటైనా డ్రిల్లు మాస్టరు చెప్పే నియమాలు మాత్రం ఇంచుమించు అవే.

ఆ నియమాల్లో ఒంటి గురించి ఎంత జాగ్రత్త ఉందో చూస్తే ముచ్చటేస్తుంది. గోళ్ళు కత్తిరించుకోవాలి. ఒంటికి నూనె రాసుకోకూడదు. ఉంగరాలూ గొలుసులూ తీసేయాలి. కూతగాడి నోరు నొక్కి కూత ఆపకూడదు. కాళ్ళతో కత్తెర పట్టు వేయకూడదు. పట్టుకుంటే ఒంటినో కాలుచేతులనో పట్టుకోవాలి గానీ జుట్టూ బట్టా పట్టకూడదు. అంటే గీరుకోవడం, జారిపోవడం, ఊపిరాడకపోవడం, కాలు విరగడం ఇవన్నీ ఆలోచించినవాళ్ళే. తల నేలకు కొట్టుకుని, రక్తం చుక్క రాకుండా, మనిషి లేచి నిలబడి, కళ్ళు మాత్రం ఎటో చూస్తుంటే ఏం చేయాలో ఆ పుస్తకాల్లో లేదు. ఆ కాలం వాళ్ళను తప్పు పట్టి లాభం లేదు, అప్పటికి డాక్టర్లకే ఆ సంగతి సగం సగం తెలుసు. అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్, దెబ్బలు తిని తిని తాగినవాళ్ళలా తూలే బాక్సర్ల గురించి వైద్య పత్రికలో రాసింది 1928లో. అదీ బాక్సర్ల గురించే.

డాక్టర్లు కంకషన్ అనే ఈ దెబ్బలో పుర్రె పగలదు. కుండ పగలకుండానే లోపలి పెరుగు చెదిరినట్టు, కుదుపుకు మెదడు పని తాత్కాలికంగా తప్పుతుంది. స్పృహ పోవాలనేమీ లేదు, ఎక్కువమందికి పోదు కూడా. తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, మాట ముద్దగా రావడం, అప్పటిదాకా జరిగిన ఆట గుర్తులేకపోవడం. ఇవే గుర్తులు. సీటీ స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనిపించదు. స్కాన్ శుభ్రంగా ఉందంటే నెత్తురు గడ్డ లేదనే అర్థం, కుదుపు లేదని కాదు. ఆ తేడా చెప్పకపోవడం వల్ల “స్కానింగులో ఏమీ లేదన్నారు” అనే ఒక్క మాట పట్టుకుని మర్నాడే బరిలోకి దిగేవాళ్ళుంటారు.

చెడుగుడులో తల ఎక్కడ ప్రమాదంలో పడుతుందో దగ్గరగా చూడాలి. కూతకు వచ్చినవాడు బోనస్ గీత మీద కాలు పెట్టబోతాడు. కార్నర్‌లో కాచుకున్నవాడు నేల మీదికి ఉరికి చీలమండ పట్టుకుంటాడు. ఆ క్షణంలో పట్టేవాడి తల, పారిపోయేవాడి మోకాలు ఒకే ఎత్తులో ఉంటాయి. కూతగాడు కాలు గుంజుకుంటే మోకాలు కణతకు తగులుతుంది. గుంజుకోలేకపోతే మధ్యగీత వైపు చేతులు చాచి బోర్లా పడతాడు. చేతులు గీతను అందుకోవాలి గనుక మొహానికి అడ్డం రావు. ఈలోగా మిగతా నలుగురైదుగురు వచ్చి మీద పడతారు. ఈల మోగుతుంది, ఒక్కొక్కరే లేస్తారు, అడుగునున్నవాడు ఆఖరున లేస్తాడు. వాడు మట్టి దులుపుకుంటుంటే తోటివాడు “బాగుండావా?” అంటాడు. “ఆ, బాగుండా” అంటాడు వాడు. పరీక్ష అయిపోయింది. మరీ తూలుతుంటే మొహాన నీళ్ళు, చేతికి సోడా.

సంజీవని పద్ధతి ఇక్కడ ఇంకో మెలిక పెడుతుంది. పట్టుబడి చచ్చినవాడు బయట వరసలో కూర్చుంటాడు. తలకు దెబ్బ తగిలినవాడికి ఆ కూర్చోవడమే మందు. కానీ తన జట్టువాడు అవతల ఒకణ్ని తాకి వచ్చాడంటే వీడు బతికినట్టే, లేచి లోపలికి పోవాలి. అది అర నిమిషంలో జరగొచ్చు, ఒక కూతకు ఇచ్చే గడువే 30 సెకన్లు. మొదటి కుదుపు తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే, ముఖ్యంగా చిన్న వయసువాళ్ళలో, మెదడు ఉన్నట్టుండి వాచి ప్రాణం పోయే ప్రమాదం ఉందని వైద్యులు చెబుతారు. ఆటకు అందం తెచ్చిన నియమమే, చూసుకునేవాళ్ళు లేకపోతే, దెబ్బ తిన్నవాణ్ని తిరిగి దెబ్బ దగ్గరికే పంపిస్తుంది. మార్చి ఇంకొకణ్ని దించే వీలు నియమాల్లో ఉంది. మంచి కూతగాణ్ని మార్చడానికి జట్టుకు మనసొప్పదు, అంతే.

ఈ ఆటలో చావంటే వరస బయట కూర్చోవడమే. నిజం చావులూ ఉన్నాయి. 2021 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన రోజుల్లో, కడప జిల్లా వల్లూరు మండలంలో పట్టుబడి పడ్డ యువకుడు లేచి, అంతలోనే కుప్పకూలాడు. 2022 జులైలో తమిళనాడు కడలూరు జిల్లా పణ్రుట్టి దగ్గర కూతకు వెళ్ళినవాడు, ప్రత్యర్థి మోకాలు ఛాతీకి తగిలి మళ్ళీ లేవలేదు. ఆ రెండు వీడియోలూ తెలుగు, తమిళ ఫోన్లన్నిట్లో తిరిగాయి. 2023 జనవరిలో విజయనగరం జిల్లాలో కొత్త సంవత్సరం పోటీల్లో ఒక కుర్రాడి తలకు దెబ్బ తగిలింది, విశాఖ కేజీహెచ్‌కు తీసుకెళ్ళినా దక్కలేదు. మూడూ ఊరి పోటీలే, ఆడినవాళ్ళెవరూ ఆట మీద బతికేవాళ్ళు కాదు. ప్రాణం తీసిన దెబ్బలే వార్తల్లోకి వచ్చాయి. వారం రోజులు తలనొప్పితో పనికి పోయినవాడి సంగతి ఎక్కడా రాదు.

ఆ కుర్రాణ్ని తీసుకెళ్ళిన ఆసుపత్రికీ తల గాయాల చరిత్రలో చోటుంది. కేజీహెచ్‌లో డాక్టర్ బాలపరమేశ్వరరావు 1956లో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. సత్యవేడుకు దగ్గరి దారులు వేరే. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకున్న డాక్టర్ జాకబ్ చాండీ 1949లో వెల్లూరు సీఎంసీలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం తెరిచారు. మరుసటేడాది మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి మొదలుపెట్టారు. అంటే దేశం మొత్తానికి మొదటి రెండు చోట్లూ సత్యవేడుకు ఒక్క పూట ప్రయాణంలోనే పడ్డాయి. తిరుపతిలో రుయా, 1993 నుంచి స్విమ్స్ ఆ తర్వాతివి. తలలో నెత్తురు గడ్డ కడితే తెరిచి తీసేవాళ్ళు ఈ తరానికి అందుబాటులో ఉన్నారన్నమాట. బరి దగ్గర నిలబడి ఈ పిల్లవాణ్ని ఆసుపత్రికి పంపండి అనేవాడే లేడు. సత్యవేడు నుంచి తిరుపతైనా చెన్నై అయినా సుమారు డెబ్బై కిలోమీటర్లు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 బండ్లు ఆ దూరాన్ని కొంత తగ్గించాయి, ఫోను చేయాల్సిన గుర్తేదో తెలిసినవాళ్ళకు.

ఇదే చిక్కును రగ్బీ ఎలా ఎదుర్కొందో చూడటం ఇక్కడ పనికొస్తుంది. చెడుగుడుకు తోబుట్టువు లాంటి ఆట అది. పరుగెత్తుకొచ్చేవాణ్ని ఒంటితో ఆపాలి, నేలకు దించాలి. 1884లో పుట్టిన మద్రాసు జింఖానా క్లబ్బు దొరలు దాన్ని ఐలాండ్ గ్రౌండ్స్‌లో ఆడేవారు. కలకత్తాలో రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు మిగిలిన వెండి రూపాయలు కరిగించి, నాగుపాము పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించారు. ఇంగ్లండూ స్కాట్లాండూ 1879 నుంచి దానికోసమే కొట్టుకుంటున్నాయి. సత్యవేడు చుట్టుపక్కల ఊళ్ళకు ఆ ఆట రాలేదు, రావాల్సిన అవసరమూ కనిపించలేదు. ఒంటితో ఆపే ఆట ఇక్కడ ముందే ఉంది.

రగ్బీ పెద్దలు తల సంగతి 1970ల చివర్లోనే పట్టించుకున్నారు. కంకషన్ అయితే మూడు వారాలు ఆడకూడదని నియమం పెట్టారు. దాన్ని తప్పించుకోవడానికి దెబ్బను దెబ్బ అనకపోవడం మొదలైంది. 1995లో ఆటలోకి జీతాలు వచ్చాక మూడు వారాలు మరీ ఎక్కువనిపించింది. 2011లో ఆ నియమం తీసేసి, డాక్టరు చూస్తుంటే మెట్లవారీగా వారంలోపే తిరిగి రావొచ్చన్నారు. అదే ఏడాది ఉత్తర ఐర్లాండ్‌లో పద్నాలుగేళ్ళ స్కూలు పిల్లవాడు ఒకే ఆటలో పలుమార్లు తలకు దెబ్బ తగిలినా ఆడుతూనే ఉండి చనిపోయాడు. 2013లో కెనడాలో పదిహేడేళ్ళ అమ్మాయి రోవన్ స్ట్రింగర్ కొద్ది రోజుల తేడాతో తగిలిన వరస దెబ్బలకు ప్రాణం పోగొట్టుకుంది. ఆమె పేరుతోనే ఒంటారియో 2018లో చట్టం చేసింది. ఫ్రాన్సులో 2018లో యువ ఆటగాళ్ళ మరణాలు వరసగా జరిగాక, మరుసటి ఏడే ఔత్సాహికుల ఆటలో నడుముకు పైన పట్టకూడదన్నారు. ఇంగ్లండు 2023లో అదే చేయబోతే క్లబ్బులు ఎదురు తిరిగాయి. చివరికి రొమ్ము ఎముక దిగువకు ఒప్పుకున్నారు. ఆ ఏడాదే ప్రపంచ సంస్థ జీతంలేని ఆటగాళ్ళందరికీ మళ్ళీ 21 రోజుల గడువు పెట్టింది. తీసేసిన మూడు వారాలే తిరిగి వచ్చాయి.

ఎందుకింత పట్టుదల అంటే, దెబ్బ ఆ రోజుతో పోదని తేలింది. 2003 ప్రపంచకప్పు గెలిచిన ఇంగ్లండు ఆటగాడు స్టీవ్ థాంప్సన్, తనకు మతిమరుపు జబ్బు వచ్చిందనీ, ఆ గెలుపు గుర్తే లేదనీ 2020 డిసెంబరులో బయటపెట్టాడు. 2022లో గ్లాస్గో పరిశోధకులు 412 మంది పాత స్కాట్లాండ్ ఆటగాళ్ళ ఆరోగ్య రికార్డులు వెతికారు. మెదడు క్షీణించే జబ్బులు మామూలు జనంలో కన్నా వాళ్ళలో రెండున్నర రెట్లు ఎక్కువ. వాళ్ళలో ఎక్కువమంది పైసా తీసుకోకుండా ఆడిన కాలంవాళ్ళు.

తెలుగు ప్రేక్షకులకు కంకషన్ అనే మాట రగ్బీ వల్ల తెలియలేదు, క్రికెట్ వల్ల తెలిసింది. 2020 డిసెంబరు 4న కాన్‌బెర్రా టీ20లో జడేజా హెల్మెట్‌కు బంతి తగిలితే బదులుగా చాహల్ దిగి మూడు వికెట్లు తీశాడు. ఊరూరా చర్చ జరిగింది. జడేజా తల గురించి కాదు, భారత్ తెలివిగా బౌలర్ని మార్చేసిందా అని.

దక్షిణ రాయలసీమలో ఇదే పండక్కి జరిగే ఇంకో ప్రమాదకరమైన వేడుకతో పోలిస్తే చెడుగుడు ఎంత నిశ్శబ్దంగా గాయం చేస్తుందో అర్థమవుతుంది. చంద్రగిరి మండలం రంగంపేటలో పశువుల పండుగ అంటే ముందే పోలీసుల హెచ్చరికలు, పత్రికల్లో ఫొటోలు, మర్నాడు గాయపడ్డవారి లెక్క. ఈ కోవలోదే అయిన జల్లికట్టు మీద సుప్రీంకోర్టు 2014లో ఒకసారి, 2023లో మరోసారి తీర్పులిచ్చింది. కొమ్ము కుచ్చుకుంటే కనిపిస్తుంది, అందుకే అంత హడావిడి. చెడుగుడు పోటీకి వచ్చిన నాయకుడు ఆటగాళ్ళతో చేతులు కలిపి, ఫొటో దిగి, మొదటి బహుమతి ప్రకటించి వెళ్తాడు. ఫ్లెక్సీ మీద దాతలందరి బొమ్మలూ ఉంటాయి. డాక్టరు పేరు ఎక్కడో గానీ కనిపించదు.

2014లో ప్రో కబడ్డీ వచ్చాక ఊరి ఆట వేగం పెరిగింది. టీవీలో తెలుగు టైటాన్స్ ఆటగాళ్ళు చేసే డ్యాష్‌లూ గాల్లో దూకుళ్ళూ ఊళ్ళలోనూ ప్రయత్నిస్తున్నారు. టీవీవాళ్ళకు కింద మ్యాట్ ఉంటుంది, పక్కన ఫిజియో ఉంటాడు. ఊరివాడికి ఆ రెండూ లేవు. పైగా 2008 తర్వాత శ్రీసిటీ పారిశ్రామికవాడ లేచిన ఈ ప్రాంతంలో పండక్కి ఆడే కుర్రాడు తెల్లారి షిఫ్టుకు పోవాల్సినవాడు కావచ్చు. తల బరువుగా ఉన్నా మిషను ముందు నిలబడాలి.

డాక్టరు లేని బరి దగ్గరా చేయగలిగింది ఉంది, దానికి ఖర్చు లేదు. ఆస్ట్రేలియా న్యూరోసైకాలజిస్టు డేవిడ్ మాడక్స్ 1990లలో రూపొందించిన ఐదు చిన్న ప్రశ్నలు ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. చెడుగుడుకు తిప్పుకుంటే ఇలా ఉంటాయి. ఇప్పుడు ఆడుతున్నది ఏ ఊళ్ళో? ఇది మొదటి సగమా, రెండోదా? ఆఖరి పాయింటు ఎవరికొచ్చింది? ఇంతకుముందు ఏ జట్టుతో ఆడారు? అందులో గెలిచారా? ఒక్కటి తప్పినా ఆ రాత్రికి ఆట చాలు. అన్నీ సరిగా చెప్పినా, తలనొప్పో తూలుడో ఉంటే అప్పుడూ చాలు. “బాగుండావా?” అని అడగడం కన్నా ఇది ఎంతో నయం, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఏ కూతగాడూ లేదని చెప్పడు.

ఆ తర్వాతి పని ఇంట్లోవాళ్ళది. దెబ్బ తగిలినవాణ్ని తెల్లవార్లూ నిద్రపోనివ్వకూడదన్నది పాత నమ్మకం. డాక్టరు చూశాక పడుకోవచ్చు, ఒంటరిగా మాత్రం వదలకూడదు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, ఒక పక్క చేయీ కాలూ బలం తగ్గినా, లేపితే లేవకపోయినా పైత్యమని నిమ్మకాయ సోడా పట్టకుండా 108కు ఫోన్ చేయాలి. ఆట అయిపోయిన రాత్రి సాయంపట్టి బండెక్కించుకుని తీసుకెళ్ళడానికి ఇంకొకడుండాలి. బహుమతి పంచుకున్నాక తల దిమ్ముగా ఉన్నవాడే హ్యాండిల్ పట్టుకుని ఊత్తుకోట రోడ్డెక్కడం ఈ పోటీల్లో ఇప్పటికీ ఎవరూ ఆపని సంగతి.